నాలుగు కేబీయా, అరవై నాలుగు కేబీయా

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే నెలలో, తమిళ తీరంలోని మా ఊళ్లో, మేట్టుపాళయం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ నాకు కెర్నల్ విభాగం బాధ్యత అప్పగించింది. మేం తయారు చేస్తున్నది చేపల పడవల్లో పెట్టే ఒక పెట్టె. అది శాటిలైట్ ద్వారా వాతావరణ హెచ్చరికలు అందుకుంటుంది, తెర మీద మ్యాపు చూపిస్తుంది, పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలియజేస్తుంది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి అడుగున ఉండే భాగం. ఏ ప్రోగ్రాంకి ఎంత మెమొరీ ఇవ్వాలో చూసుకునేది అదే.

వచ్చీ రాగానే నేను తేల్చాల్సిన విషయం పేజీ సైజు. కెర్నల్ మెమొరీని సమానమైన ముక్కలుగా పంచుతుంది. ఒక్కో ముక్కను పేజీ అంటాం. ప్రోగ్రాంకి నాలుగు అక్షరాలంత చోటు కావాలన్నా పూర్తి పేజీ ఇవ్వాల్సిందే. మేం వాడిన ప్రాసెసర్‌లో పేజీని నాలుగు కిలోబైట్లు, అంటే నాలుగు కేబీ, పెట్టుకోవచ్చు, అరవై నాలుగైనా పెట్టుకోవచ్చు. పెద్ద పేజీలైతే ఏది ఎక్కడుందో ప్రాసెసర్ వెతుక్కునే పని తగ్గి వేగం పెరుగుతుంది. చిన్నవైతే వృథా తగ్గుతుంది. కెర్నల్‌ని తయారు చేసేటప్పుడే దీన్ని ఖాయం చేయాలి. పెట్టె సముద్రంలోకి వెళ్లాక మార్చడానికి వీల్లేదు.

ప్రొడక్ట్ విభాగం పెద్ద జి. ప్రభాకర్ గారు అరవై నాలుగు వైపు ఉన్నారు. ఆయన మాటలో పస లేకపోలేదు. పెద్ద పేజీలతో మ్యాపు వేలితో జరిపితే ఎక్కడా ఆగకుండా జరిగేది, ల్యాబు పరీక్షలన్నీ పాసయ్యేవి. మా పెట్టెలో మెమొరీ తక్కువ, నడిచేవన్నీ చిన్న చిన్న పనులు, కాబట్టి నాలుగే మేలని నా వాదన. "అనుమానం సరే మేడం, రుజువు చూపించండి," అన్నారాయన. ల్యాబులో నాకు రుజువు దొరకలేదు. చివరికి వైతికుప్పం అనే మత్స్యకారుల పల్లె నుంచి జంటగా వేటకు వెళ్లే రెండు ఫైబర్ పడవల్లో చెరొక రకం పెట్టి చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం.

శేఖర్ అనే ఆయన పడవలో నాలుగు కేబీ పెట్టె బిగించాం. ఆయన తమ్ముడి పడవలో అరవై నాలుగు కేబీది. దాన్ని గమనించడానికి మా టెస్ట్ ఇంజనీర్ ఎన్. రాధిక ఆ పడవెక్కింది. రాధిక వాళ్లది కోసపాళయంలో మా వీధే. మాలాగే తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆఫీసులో నన్ను మేడం అంటుంది, బయట అత్తా అంటుంది. లైఫ్ జాకెట్ బిగించుకుంటూ, "ఏంది అత్తా, అట్ల చూస్తావు? మధ్యాన్నానికంతా వచ్చేస్తా గదా," అంది. ఆ పొద్దు ఆకాశం తేటగా ఉంది. హెచ్చరికలేవీ లేవు.

ఎండ ముదిరాక వాతావరణం తిరగబడింది. ఈదురుగాలి హెచ్చరికలు ఒక్కసారిగా గుంపులుగా వచ్చిపడ్డాయి. ఆఫీసు తెర మీద రెండు పడవలూ రెండు చుక్కలుగా కనిపిస్తున్నాయి. కాసేపటికి తమ్ముడి పడవ చుక్క కదలడం మానేసి బూడిద రంగులోకి మారింది. పెట్టె నుంచి కబురు లేదని దానర్థం. పెట్టె చెడిపోయినా, పడవ మునిగిపోయినా తెర మీద కనిపించేది అదే బూడిద చుక్క. సెల్‌ఫోన్ సిగ్నల్ అంత దూరం అందదు.

ప్రభాకర్ గారు వెంటనే తీర రక్షక దళానికి ఫోన్ కలిపారు. నేను శేఖర్ పెట్టెకు తమిళంలో మెసేజ్ పంపాను: గాలి వస్తోంది, మీ తమ్ముడి పడవ ఎక్కడుందో చూసి ఇద్దరూ తిరిగి రండి. అందినట్టు గుర్తు వచ్చింది. పెట్టె నుంచి తిరిగి మెసేజ్ రాసి పంపే వీలు లేదు.

అంతలో రాధిక తల్లి ఫోన్ చేసింది. "వదినా, గాలి లేస్తా ఉంది. పాప యాడుంది?"

"ఇంకా సముద్రంలోనే. శేఖర్ని వెతకమని చెప్పినా," అన్నాను.

శేఖర్ చుక్క దారి మార్చి తూర్పుకు పోయింది. చాలాసేపు అక్కడక్కడే తిరిగి, చివరికి ఒడ్డు వైపు మళ్లింది. పక్కన రెండో పడవ ఉందో లేదో తెర చెప్పదు. ప్రభాకర్ గారూ నేనూ కారులో వైతికుప్పం వెళ్లాం. రాధిక తల్లి అప్పటికే ఒడ్డున నిలబడి ఉంది. వాన మొదలైంది. ఆ వానలో ముందు ఒక పడవ కనబడింది, దాని వెనకే రెండోది.

రాధిక తడిసి ముద్దై, వాంతులతో నీరసించి దిగింది. "మ్యాపు బాగానే ఉండింది అత్తా, మెసేజిలే రాలేదు. గాలి సంగతి మాకు తెలీనే తెలీదు. శేఖరన్న వచ్చి కేకేసినాడు," అంది. వాళ్లమ్మ రాధిక వీపు మీద ఒక్కటి చరిచి, తర్వాత కావలించుకుంది. ప్రభాకర్ గారు తీర రక్షక దళానికి మళ్లీ ఫోన్ చేసి, అందరూ వచ్చేశారని రెండుసార్లు చెప్పారు.

మర్నాడు ల్యాబులో రెండు రకాల పెట్టెలకూ హెచ్చరికలను అదే జోరుగా పంపాం. మా మెసేజ్ ప్రోగ్రాం వచ్చిన ప్రతి హెచ్చరికకూ ఒక చిన్న పనిని మొదలుపెడుతుంది. ఆ పనికి కావలసింది కొద్ది చోటు. పేజీ పెద్దదైతే ఆ కొద్దిదానికే పదహారు రెట్లు పోతుంది. మెమొరీ నిండిపోతే కెర్నల్ ఎక్కువ పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాంని ఆపేస్తుంది. ఒక్క హెచ్చరికైనా తెర మీదికి రాకముందే ఆగిపోయింది మెసేజ్ ప్రోగ్రామే. పడవ జాడ ఒడ్డుకు పంపేదీ అదే కాబట్టి చుక్క కూడా ఆగిపోయింది. నాలుగు కేబీ పెట్టె అదే జోరును తట్టుకుని, ఇంకా చోటు మిగుల్చుకుంది. ల్యాబులో అంతకుముందు మేం మెసేజిలు ఒక్కొక్కటే పంపేవాళ్లం, అందుకే తేడా బయటపడలేదు.

"నాలుగే పెట్టండి," అన్నారు ప్రభాకర్ గారు. మ్యాపు కాస్త నెమ్మదించింది. దాని గురించి ఒక్క పడవవాళ్లు కూడా ఫిర్యాదు చేయలేదు. ఒక్క పెట్టె కూడా అమ్మకానికి పోకముందే ఇది తేలినందుకు మా అందరికీ పెద్ద భారం దిగినట్టయింది.

పెద్ద పేజీ తప్పని దీనర్థం కాదు. మెమొరీ దండిగా ఉన్న సర్వర్లకు ఆ తర్వాత కూడా నేనే దాన్ని సిఫారసు చేశాను. నేర్చుకున్నది వేరు. డిఫాల్ట్‌గా, అంటే తయారీలోనే ముందుగా పెట్టిన విలువను వాడేవాళ్లు చూడరు, మార్చరు. కాబట్టి దాన్ని ఖాయం చేసేముందు పరికరం మీద అన్నిటికన్నా ఎక్కువ భారం పడే పరిస్థితిని కల్పించి పరీక్షించాలి. అదీ ఒడ్డునే, మనుషులు పడవెక్కకముందే.