మా మేస్త్రి, మరలో వదులు

మా మేస్త్రి పోయారని నిన్న కార్డు వచ్చింది. మట్టి చేయడం కూడా అయిపోయిందట. అప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ! నా చేతికి బుద్ధి చెప్పిన మనిషి ఆయన.

అనంతపురంలో ఆయిల్ ఇంజన్లు, పంపులు బాగుచేసే షెడ్డు మాది. అందులో ఉన్నది ఒకే మిల్లింగ్ మిషన్. ఇనుమును బల్లకు బిగిస్తే, పైన తిరిగే కట్టర్ గాడి కోస్తుంది. బల్లను కుడి ఎడమలకు, ముందుకు వెనక్కు, పైకి కిందికి జరపడానికి మూడు చక్రాలు, ఒక్కోదానికి అంకెల బిళ్ల. కట్టర్ ఎక్కడుందో ఆ అంకెలను బట్టే తెలుసుకోవాలి. మేస్త్రి ముందుగా ఇనుము మీద సిగరెట్టు చుట్టే పలచని కాగితం ఆనించి, కట్టర్ దాన్ని లాగగానే "ఇది మన సున్నా అప్పా, ఈడ నుంచే లెక్క" అనేవారు. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి, ఆ కాగితం మాత్రం జేబులో ఎప్పుడూ ఉండేది.

అరవైలలో ఒక ఏడు వాన మొహం చాటేసింది. గార్లదిన్నె వైపు రైతు ఒకాయన విరిగిన పంపు షాఫ్టు తెచ్చాడు. బావిలో నీళ్లున్నా తోడే దారి లేక శెనక్కాయ చేను ఎండిపోతోంది. షెడ్డులో మిగిలిన ఒక్క కడ్డీతో మేస్త్రి కొత్త షాఫ్టు చేశారు. దాని మీద, పుల్లీ జారకుండా పట్టే చీల కోసం, నట్టనడుమ గాడి కోసే పని నాది.

తొందరలో చక్రం నాలుగు గీతలు ఎక్కువ తిప్పాను. ఏముందిలే అని వెనక్కి తిప్పి సరైన అంకె దగ్గర ఆపి కోశాను. గాడి పక్కకు పోయింది.

"అంకె తిరిగింది గానీ బల్ల కదల్లేదప్పా. బల్లను జరిపే మరలో వదులుండాది. దాటితే బాగా వెనక్కి పోయి, మళ్లా ముందొచ్చిన దిక్కు నుంచే రావల్ల," అన్నారు మేస్త్రి. "పో, చెడగొట్టింది నువ్వేనని ఆయనకు చెప్పిరా."

సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. రైతు తిట్టినా బాగుండేది. "రేపటికన్నా అయితాదా అన్నా? ఆకు ముడుచుకుంటాండాది," అన్నాడంతే.

షాఫ్టును సగం చుట్టు తిప్పి రెండోవైపు కొత్త గాడి కోయాలన్నారు మేస్త్రి. నేను చక్రం వదిలి పక్కకు జరిగి, మీరే కోయండన్నాను.

"ఇప్పుడు కొయ్యకుంటే ఇంకెప్పటికీ ఆ చక్రం ముట్టవు. కొయ్యి!"

కోశాను. ఈసారి నడుమనే వచ్చింది.

మరునాడు ఇద్దరం పోయి పంపు బిగించాం. నీళ్లు దుమికాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"మేస్త్రీ, ఇంక పోదామా?"

ఆయన చెప్పులు విప్పి, కాలువ గట్టు వెంట చేను చివరిదాకా నడిచారు. ఎర్రటి ఎండలో ఆఖరి సాలులో నిలబడి, ఆ బురదనీళ్లు తన కాళ్లు తడిపేదాకా కదల్లేదు.