లెక్కకు పెట్టుకున్న పుట్నాలు

టీ చల్లారనీయొద్దండి, తాగుతా వినండి. మొన్న మంగళవారం నేను అంగడి మూసేసినా. శాశ్వతంగానే మూసినా. మల్ల గంట తిరక్కముందే తెరిచినా. నడుమ ఏం జరిగిందో చెప్తే మీరు నవ్వుతారు, నవ్వండి. ఆ పొద్దు నాకైతే నవ్వు రాలేదు.

నా పని మీకు తెలిసిందే గదా. ఈడే కంప్లిలో మోటర్లకి వైండింగ్ చేస్తా. కాలిపోయిన మోటర్లో పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టేది. మా ఆయన నేర్పించినాడు. ఆయప్ప పోయి తొమ్మిదేండ్లాయ. నేను మూడో తరగతిలోనే బడి ఇడిసినదాన్ని. అయినా నేను మోటరు ఇప్పినానంటే పెద్ద పెద్ద మెకానిక్కులు గమ్మున నిలబడి చూస్తాండిరి.

అది అప్పటి మాట. ఇప్పుడు కండ్లు మసక. సుగర్ వచ్చినప్పటి నుంచి వేళ్ల కొసలు మొద్దుబారినాయి. తీగ పట్టుకున్నానో, గాలి పట్టుకున్నానో తెలీదు. గంటకోసారి బాత్రూముకి లేయాల. డాక్టరమ్మ ఏమంటాదంటే, "రత్నమ్మా, కాలీ కడుపుతో పని చేయొద్దు. తల తిరిగితే ఏదన్నా కొంచెం నోట్లో ఏసుకో."

నా బిడ్డ శైలజ హొస్పేటలో ఉండాది. ఫోన్ చేస్తే ఒకటే మాట. "అమ్మా, ఇంగ చాలు. ఆ అంగడి మూసి నా కాడికి రా."

నేనూ ఒకటే మాట చెప్తాంటి. "ఒక్క మోటరన్నా చేయలేక వాపసు ఇచ్చిన పొద్దు నేనే మూసి వస్తా. అంతవరకు అడగొద్దు."

ఆ మాటే నా మెడకి చుట్టుకునె.

మంగళవారం పొద్దున్నే మన ఎమ్మిగనూరు పక్కన క్యాంపు నుంచి రావుగారు వచ్చినాడు. కోస్తా నుంచి వచ్చి ఈడ వరి పెట్టుకున్నోళ్లు వాళ్లు. ఆటోలో మోటరు. మనిషి మొగంలో రక్తం లేదు.

"రత్నమ్మగారూ, మోటరు కాలిపోయిందండీ. నారుమడి బీటలు వారుతోంది. కాలవకి నీళ్లింకా వదల్లేదు. రేపు పొద్దున కరెంటిస్తారు, ఆ తరవాత లైను రిపేరంట, మూడు రోజులు ఇవ్వరంట. రేపు తడి పెట్టకపోతే నారంతా పోయినట్టేనండీ."

"సాయంత్రానికి ఇస్తా. పోయి రాపో."

"ఎక్కడికి పోతానమ్మా. ఇక్కడే కూర్చుంటాను."

కూచున్నాడు. స్టూలు మీద, నాకు ఎదురుగా, నా చేతుల్లోకి చూస్తా. మీరు పని చేస్తాంటే ఎవరన్నా అట్లా చూస్తే ఎట్లుంటాదో మీకే తెలుసు.

ఇప్పుడు నా లెక్క చెప్తా, ఇనండి. తీగని చెక్క అచ్చు మీద హ్యాండిలు తిప్పి చుట్టాల. ఒక్కో కాయిలుకి యాభై చుట్లు. ఆ మోటరుకి పద్దెనిమిది కాయిళ్లు. చుట్లు లెక్కపెట్టే ముల్లు నా మిషన్లో ఎప్పుడో ఇరిగిపోయింది. శైలజ కొత్త కౌంటర్ తెచ్చిచ్చింది, ఎర్ర లైటు అంకెలు వస్తాయి దాంట్లో. నా కంటికి అవి అంకెల మాదిరి కాదు, ఎర్ర చీమల మాదిరి కనపడతాయి. డబ్బాలోనే ఉండాది.

నాది మా ఆయన నేర్పిన లెక్క. పక్కన తట్టలో పుట్నాలు పెట్టుకుంటా. పది చుట్లు కాంగానే తట్టలో నుంచి ఒక పుట్నం తీసి డబ్బా మూతలో ఏస్తా. మూతలో ఐదు అయినాయంటే యాభై. కాయిలు దించి, ఆ ఐదూ మల్ల తట్టలో పోసి, కొత్తది మొదలు. ఇరవై ఏండ్లలో ఒక్క చుట్టు తప్పలేదు.

పన్నెండున్నర దాకా బాగానే నడిచింది. మల్ల తల తిరిగె. డాక్టరమ్మ మాట ప్రకారం ఏదో ఇంత నోట్లో ఏసుకున్నా గానీ చెయ్యి ఆపలేదు. నడుమ రెండుసార్లు బాత్రూముకి లేసి పోయినా. రెండు గంటలకి పద్దెనిమిది కాయిళ్లూ చుట్టేసినా.

ఇంగ వాటిని మోటరు లోపల గాడుల్లోకి దూర్చాల. చుట్టిన వరసలోనే దూరుస్తా నేను. పదకొండు కాయిళ్లు వెన్నలో వేలు పెట్టినట్టు పోయినాయి. పన్నెండోది పోలేదు.

వెదురు పుల్లతో నొక్కినా. పోలేదు. తీగలు సర్ది మల్ల నొక్కినా. సగం పోయి నిలిచిపోయె. దాన్ని పక్కన పెట్టి పదమూడోది తీసుకుంటి. అదీ అంతే. పద్నాలుగోది అయితే మొదటికే దూరలేదు. బొటనవేలు తెగి రక్తం వచ్చినా నాకు తెలీలేదు, రావుగారు చెప్తే చూసుకుంటి.

"అమ్మా, వేలు... ఏమైనా తేడా వచ్చిందాండీ?"

"ఏం రాలే. సుమ్నే, గమ్మున కూచో."

నాలుగైంది. గంటన్నర ఆ మూడు కాయిళ్లతో కొట్లాడినా. రావుగారు గోడ గడియారం చూస్తాడు, నా చెయ్యి చూస్తాడు. నాకు తెలిసిపోయింది. పదకొండు దూర్చేసరికి వేళ్లలో సత్తువ అయిపోయింది. ఇదే ఆ పొద్దు అనుకుంటి. శైలజకి ఫోన్ చేసినా.

"అంగడి మూసేస్తాండా. వేళ్లు పోయినాయి."

"అమ్మా, ఏడుస్తాండావా?"

"ఏడిస్తే తీగ దూరుతాదా?"

"ఆదివారం వస్తా. సామాన్లు సర్దుకో."

ఫోన్ పెట్టి రావుగారితో చెప్పినా. "నాతో కాలేదప్పా. బళ్లారికి తీసుకుపో."

"ఇప్పుడు బళ్లారి వెళ్తే రేపటికి ఎవరిస్తారండీ?" అన్నాడు. అరిచింటే బాగుండు. మెల్లగా అన్నాడు.

షట్టరు దించేసినా. ఇద్దరం బయట మెట్టు మీద ఆటో కోసం కూచుంటిమి. ఆటో రాదు. అప్పుడు ఆయప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండమ్మా. ఆ పుట్నాలు ఇంకో గుప్పెడు ఉంటే పెడతారా? పొద్దున టిఫిన్ కూడా చెయ్యకుండా వచ్చేశాను."

"ఇంకో గుప్పెడా? ముందర ఎప్పుడు తింటివి?"

"మీరు లోపలికెళ్లినప్పుడు. మూతలో మూడుంటే రెండు తీసుకున్నానండీ. మీరూ అందులోంచే తింటున్నారు కదా అని..."

"నేను యాడ తింటి?"

"మధ్యాహ్నం నుంచీ తింటూనే ఉన్నారు కదండీ. పది తిప్పడం, మూతలో ఒకటి వెయ్యడం, కాసేపాగి నోట్లో వేసుకోవడం."

నాలుకతో పన్ను సందు తడిమి చూసుకుంటి. పుట్నం తునక తగిలె.

లేసి షట్టరు ఎత్తినా. పన్నెండో కాయిలు తీసుకుని ఒక్కొక్క చుట్టూ ఇప్పుతా లెక్కపెడితి. యాభై కాదు, అరవై. పదమూడోది అరవై. పద్నాలుగోది డెబ్భై. ఎట్ల దూరుతాది గాడిలోకి? మూతలో ఒకటి తగ్గితే నేను ఇంకో పది తిప్పుకుంటా పోయినా. వేళ్లలో ఏం పోలేదు. లెక్కని నేనే నమిలి మింగేసి, గంటన్నర వేళ్లని తిట్టినా.

"రావుగారూ, పద్నాలుగోదాంట్లో ఎక్కువైన ఇరవై నావి కావు. నీవి."

ఆయప్ప మొగం చూడాల మీరు. "నా మోటరు నేనే పాడుచేసుకున్నానా అమ్మా?"

"ఇద్దరం కలిసి తినేసినాము. రా, ఈడ కూచో. చేతులు ఎనక్కి కట్టుకో. నాతో పాటు నువ్వూ గట్టిగా లెక్కపెట్టు."

మిగిలిన ఏడు కాయిళ్లూ ఇప్పి మల్ల చుట్టినాము. పుట్నాల తట్ట ఎత్తి అటక మీద పెట్టినా. నేను ఒకటి అంటే ఆయప్ప ఒకటి అంటాడు, ఎక్కాలు చెప్పే పిల్లోళ్ల మాదిరి. రోడ్డు మీద పోయేటోళ్లు నిలబడి చూసిరి. దీపాలు పెట్టే యాలకి కడపటి కాయిలు పోయి గాడిలో కూచునె. వార్నిష్ కొట్టి బల్బు పెట్టి ఆరబెట్టినా.

మర్నాడు తెల్లారంగానే ఆయప్ప మోటరు ఎత్తుకుపోయినాడు. పది గంటలకి ఫోన్ మోగింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు నాకు. మల్ల మోగింది. ఎత్తినా. అవతల ఆయప్ప ఫోన్ని పైపు కాడ పెట్టినట్టుండాడు. నీళ్లు పడే చప్పుడు. అంతే. చాలాసేపు ఇన్నా.

మల్ల శైలజకి ఫోన్ చేసినా. "ఆదివారం రావొద్దు."

"వేళ్లు పోయినాయంటివి?"

"వేళ్లు ఉండాయి. నోరే ఎక్కువైంది." ఉన్నది ఉన్నట్టు చెప్తి. అది ఎంతసేపు నవ్విందో. మల్ల అడిగె, "ఇప్పుడన్నా ఆ కౌంటర్ డబ్బా ఇప్పుతావా?"

ఇప్పలేదు. దానికంటే తెలివైన పని చేసినా. పుట్నాలు తీసేసి, వాటి బదులు ఇనప వాషర్లు పెట్టుకున్నా తట్టలో. వాటిని ఎవరు తింటారు?

నిన్న మధ్యాన్నం తల తిరిగింది. చెయ్యి హ్యాండిలు తిప్పుతాంది, కండ్లు తీగ మీద ఉండాయి, ఇంకో చెయ్యి మూతలోకి పోయింది. ఈ పొద్దు నేను అంగడి తెరవలేదు, పంటి డాక్టరు కాడికి పోయి వస్తాండా. అందుకే బిస్కెట్ వద్దంటి. ఆ టీ ఇట్లివ్వండి.