అరచేతిలో పెట్రోలు

మెకానిక్కులకు ఒక జబ్బు ఉంటుంది. "నాకు తెలియదు" అనే మాట నోట రాదు. నాకైతే ఆ జబ్బు బాగా ముదిరింది. తొంభైల మొదట్లో సిద్దిపేట మెదక్ రోడ్డు మీద స్కూటర్ల షెడ్డు పెట్టుకున్నాను. శబ్దం వింటే చాలు, బండి రోగం చెప్పేస్తానని నలుగురూ అనేవాళ్లు. అందరికంటే ముందు నమ్మింది నేనే.

ఆ రోజుల్లో ఒక కంట్రాక్టరు బొంబాయి నుంచి నీళ్ల స్కూటరు తెప్పించాడు. స్కూటరులాగే హ్యాండిలు, సీటు ఉంటాయి గానీ చక్రాలుండవు, పడవలా నీళ్ల మీద పోతుంది. దుబ్బాక దారిలో ఒక చెరువు పక్కన ఆయనకు తోట ఉండేది. బండి ఒడ్డున బాగానే మోగుతుందట, చెరువులో కొంత దూరం పోయాక మాత్రం లాగదట. హైదరాబాదు నుంచి మనిషిని పిలిపిద్దామని అనుకుంటుంటే ఆయన జీపు డ్రైవరు అడ్డం పడ్డాడు.

"గంత దూరం ఎందుకు సారూ? మన సిద్దిపేటల పిలగాడున్నడు. చెయ్యి వెట్టిండంటే ఇంజన్ మాట వినాల్సిందే."

ఆ పిలగాణ్ణి నేనే. డ్రైవరుకు నలభై దాటి ఉంటాయి. తన పాత మోపెడు నా దగ్గరే బాగుచేయించుకునేవాడు. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. పొద్దున్నే బంకులో డబ్బాకు పెట్రోలు పోయించుకుని, నన్ను జీపులో ఎక్కించుకుని, దారి పొడవునా నా గొప్పలే చెప్పాడు. నేను వద్దనలేదు. ఎందుకంటాను?

చెరువు దగ్గర కంట్రాక్టరుతో పాటు ఆయన బావమరుదులు ముగ్గురు ఉన్నారు. బండి మూత తీసి చూస్తే లోపల మనకు తెలిసిన టూ స్ట్రోక్ ఇంజనే. హమ్మయ్య అనుకున్నాను. ప్లగ్గు తీసి గీకాను. కార్బురేటరు విప్పి ఊది పెట్టాను. ఒడ్డున స్టార్ట్ చేస్తే బర్రుమంది. కంట్రాక్టరు ఎక్కి పోయాడు. కొంత దూరం బాగానే పోయింది. నడి చెరువులో వేగం పెంచగానే ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం కదలదు. ఆఖరికి చేపలు పట్టేవాళ్లు తెప్ప వేసుకుని వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చారు.

నా చెవులు అప్పుడే పనిచేసి ఉండాల్సింది. పెట్రోలు దోషమైతే ఇంజనే నీరసిస్తుంది, అంతగా అరవదు. ఇంజను అరుస్తూ బండి కదలకపోతే లోపం ఇంజను తర్వాత ఎక్కడో ఉన్నట్టు. అది స్కూటరైతే క్లచ్చు జారుతోందని నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. కానీ ఈ బండికి క్లచ్చు లేదు. అక్కడే నా చదువు అయిపోయింది.

ఇంతలో ఒక బావమరిది నవ్వాడు. "ఏంది బావా, సైకిల్ పంక్చర్లు ఏసేటోన్ని పట్కొచ్చినవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బా లాక్కుని అరచేతిలో కొంచెం పెట్రోలు పోసుకుని, అందరికీ కనిపించేలా ఊదాను. మా పనిలో ఇది పాత పరీక్ష. మంచి పెట్రోలైతే ఇట్టే ఆరిపోయి చెయ్యి పొడిగా ఉంటుంది. కిరసనాయిలు కలిస్తే జిడ్డు మిగులుతుంది. నా చేతిలో జిడ్డు మిగిలింది.

"ఇంజన్‌ల ఏం లేదు సారూ. పెట్రోల్‌ల గాస్‌నూనె కలిసింది," అన్నాను.

జిడ్డు మిగలక చస్తుందా! టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో ఆయిలు కలిపే పోయాలి. వచ్చీ రాగానే ఆ డబ్బాలో ఆయిలు పోసి, మూత బిగించి, గిలకొట్టింది నేనే. ఆ సంగతి మాట నోరు దాటిన మరుక్షణమే తట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆడిన మాట. వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ బావమరిది మొహం చూసి డబ్బా మూత బిగించేశాను.

కంట్రాక్టరు డ్రైవరు వైపు తిరిగాడు. "ఎన్నొద్దుల సంది నడుస్తుందిరా గీ దందా? మంచి పెట్రోల్ అమ్ముకుంటున్నవా?"

"పిల్లల మీద ఒట్టు సారూ. సీదా బంకుకాడికెళ్లే తెచ్చిన. తమ్మి గూడ జీపుల్నే ఉండె, అడుగుండ్రి."

అతను నా వైపు చూశాడు. నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"తాళాలు గాడ వెట్టి నడువ్," అన్నాడు కంట్రాక్టరు.

డ్రైవరు జీపు తాళాలు బానెట్ మీద పెట్టి, కట్ట ఎక్కి నడక మొదలుపెట్టాడు. ఒక బావమరిది వేరే పెట్రోలు తేవడానికి జీపు తీసుకుని పోయాడు. మిగతావాళ్లు తినడానికి తోటలోకి వెళ్లారు. ఒక్కణ్ణే మిగిలి, ఏమీ తోచక, బండిని పక్కకు వంచి పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. అక్కడ ఒక జాలీ ఉంది. దాని లోపల నీళ్లు పీల్చి వెనక్కి తోసే ఫ్యాను ఉంది. బండిని నడిపేది అదే. దాని చుట్టూ నైలాను వల దారం పిడికెడు చుట్టుకుని ఉంది. మెల్లగా పోయినంతసేపూ ఎలాగో తోసినా, వేగం పెంచగానే ఫ్యాను నీళ్లను తోయలేక ఉత్తినే తిరుగుతోందన్నమాట.

కత్తితో కోసి బయటికి లాగాను. తలెత్తితే కట్ట మీద డ్రైవరు ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరం. నేను దారాన్ని ప్యాంటు జేబులో కుక్కుకున్నాను.

కొత్త పెట్రోలు పోశాక బండి చెరువంతా చుట్టి వచ్చింది. "సూసిన్రా, పెట్రోల్ మారంగనే ఎట్ల ఉరుకుతుందో!" అని కంట్రాక్టరు నా భుజం తట్టాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. థూ నా బతుకు అనిపించింది.

మర్నాడు పొద్దున డ్రైవరు నా షెడ్డుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు.

"తమ్మీ, నువ్వు చెప్పినంక ఇగ తిరుగేముంది? బంకోడే కలిపిండు. రాత్రంత నాకు గదే ఆలోచన," అన్నాడు. "నువ్వు జర నాతోని బంకు దాంక రా. నిన్న చెప్పిన మాటే గాడ చెప్పు. ఆళ్లు ఒప్పుకుంటే సారు నన్ను మల్ల పనిల వెట్టుకుంటడు. నా మాట ఎవ్వలు నమ్ముతలేరు. నీ మాటైతే నమ్ముతరు."

"ఇంజన్ ఇప్పి కూసున్న గదన్నా. నడ్మల ఎట్ల లేస్త?" అన్నాను.

"నిజమే, పని పాడు చేస్కోకు. నేను కూసుంట తియ్," అని బల్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేను విప్పే నట్లు నేలపాలు కాకుండా డబ్బా మూతలో ఏరి పెట్టాడు. అడక్కుండానే పానాలు అందించాడు. నేను తలెత్తలేదు. చివరికి లేచి, "పెద్ద పనే ఉన్నట్టుంది తమ్మీ. నేనే పోయి అడుగుత," అని వెళ్లిపోయాడు. బంకువాళ్లు మెడపట్టి గెంటేశారని సాయంత్రం తెలిసింది. అతని జాగాలో కంట్రాక్టరు వారం తిరక్కుండానే వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు వెళ్లాక, షెడ్డులో విప్పి పెట్టిన స్కూటరు ఇంజనును మళ్లీ బిగించాను. దానికి ఏ రోగమూ లేదు. దాని ఓనరు చక్రాల్లో హవా కొట్టించుకోవడానికి వదిలిపోయాడు, అంతే. ఆ పొద్దున డ్రైవరు రోడ్డు దాటి నా వైపు రావడం చూసే, పానా అందుకుని గబగబా విప్పాను.