అలల నీలం

మాదాపూర్ గుట్ట కింద రేకుల షెడ్డులో సత్తెమ్మ గుడ్డలకు రంగులు వేసేది. రంగు కుదిరిందో లేదో తెల్లదారం ముంచి చూసుకునేది. ఆమె గోళ్లకు అంటిన నీలం వదిలేది కాదు. ఆ గుడ్డల్ని ముక్కలుగా కోసి పుణ్యవతి గోడకు తగిలించే బొమ్మల బొంతలు కుట్టేది. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్ కంపెనీల భవనాల కోసం ఆ గుట్టను పేల్చడం మొదలైంది. హెచ్చరిక ఈల వినగానే సత్తెమ్మ అందరికంటే ముందు రోడ్డు దాటేది. ఒకసారి పేలుడుకు ఎగిరిన రాయి రేకును చీల్చుకుని పొయ్యి పక్కన పడింది.

ఒక మధ్యాహ్నం ఈల మోగేసరికి పుణ్యవతి అడిగిన గుడ్డ అప్పుడే రంగు గంగాళంలో మునిగింది. కలపడం ఆపితే మరకలు పడతాయి.

"సత్తెమ్మా, ఉరుకు!" పక్కింటి నరేందర్ అరిచాడు.

"జర ఆగు, గుడ్డ ఖరాబైతది!"

కళ్లు గట్టిగా మూసుకుని కర్రతో కలుపుతూనే ఉంది. నేల అదిరి గంగాళంలో రంగు అలలుగా లేచింది. రేకుల మీద కంకర వానలా కురిసింది. దెబ్బ తగల్లేదు. గుడ్డ ఆరాక చూస్తే నీలం నిండా అలల్లాంటి చారలు.

మర్నాడు పుణ్యవతి దాన్ని వెలుగుకు పట్టి చూసి మురిసిపోయింది. "ఎంత బాగుంది సత్తెమ్మా! అచ్చం ఇలాంటిదే ఇంకొకటి వేసిపెట్టు."

"ఇగ నాతోని గాదమ్మా, ఈల మోగితే ఉరుకుడే," అంది సత్తెమ్మ, రేకుకు పడ్డ చిల్లు వైపు చూస్తూ.