తనూజ మెచ్చిన సన్నదనం

దేవరుప్పుల తనూజకు, కేసముద్రం హర్షవర్ధన్‌కు నిశ్చితార్థం అయ్యేనాటికి ఇద్దరికీ ఇరవై మూడేళ్లు. డిగ్రీలో మొదలైన ప్రేమ, పెద్దలూ కాదనలేదు. ఆ రోజు దిగిన ఫొటోలు చూస్తూ ఆమె నవ్వులాటకే అంది: "నా పక్కన మా బాపు కూసున్నట్టున్నది. జర పొట్ట తగ్గియ్యరాదు?"

అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి రాత్రి అన్నం మానేశాడు.

నెల తిరిగేసరికి దవడలు తేలాయి. తనూజకు ముచ్చటేసింది. "గిప్పుడు హీరో లెక్కున్నవ్" అంది. టిఫిన్‌కు వెళ్లినప్పుడు అతను రెండో దోసె చెప్పబోతే కనుబొమ్మ ఎగరేసేది. అతను చెయ్యి దించేసేవాడు. తన మాటకు ఇంత విలువా అని లోలోపల పొంగిపోయేది. ఎంత తగ్గితే అంత మెచ్చుకునేది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. అతను పాఠాలు చెప్పే బడి మూతపడింది. ఊళ్లో రిలే నిరాహార దీక్షలకు టెంటు వేశారు. రోజుకో జట్టు కూర్చోవాలి; హర్షవర్ధన్ మాత్రం ప్రతి జట్టులోనూ ఉండేవాడు.

"ఈ దీక్షలు నా కొడుకును పీల్చి పిప్పి చేస్తున్నయి బిడ్డా" అని అతని తల్లి సరోజన ఫోన్లో ఏడిస్తే, "తెలంగాణ కోసమే గద అత్తమ్మా" అని తనూజే ఓదార్చింది.

రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు ఆమె కూడా వాళ్లన్న బండి మీద కేసముద్రం వచ్చింది. నడిరోడ్డున పొయ్యిలు, వరసగా విస్తళ్లు, పాటలు. హర్షవర్ధన్ అందరితో కూర్చొని పప్పన్నం కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కొస్తానని ఆగి ఉన్న లారీల వెనక్కు పోయాడు. ఎంతకూ రాకపోతే ఆమె వెతుక్కుంటూ వెళ్లింది. అతను వంగి, గొంతులో వేళ్లు పెట్టుకుని తిన్నదంతా కక్కుతున్నాడు.

"ఎప్పటి సంది గిట్ల?"

"రెండు నెలలైతుంది." మూతి తుడుచుకున్నాడు. "తింటె మళ్ల పాత లెక్కనే అయిత. సన్నవడ్డంకనే గద నువ్వు మంచిగున్నవన్నది."

ఆ మాటలో నిందేమీ లేదు. అదే ఆమెను కోసింది.

రెండడుగులు వేసి అతను తూలిపడ్డాడు. తనూజా, వాళ్లన్నా అతన్ని మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్ ఎక్కుతుంటే సరోజన వచ్చి మళ్లీ దీక్షల మీద పడింది. తనూజ ఊ కొడితే సరిపోయేది. కొట్టలేకపోయింది.

"దీక్షలు కాదత్తమ్మా, నేనే. లావున్నవన్న. చిక్కుతుంటె మెచ్చుకున్న."

సరోజన గోడవైపు తిరిగింది. తిట్టినా బాగుండేదనిపించింది తనూజకు.

అతని ఒంటి గురించి మెచ్చుకోలు గానీ వెక్కిరింపు గానీ ఒక్క మాటా అనొద్దన్నాడు డాక్టరు. కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు కథ మొదటికొచ్చింది. పెళ్లి వెనక్కు జరిగింది గానీ ఆగలేదు.

తెలంగాణ వచ్చిన రోజు, ఊరేగింపుకు బయల్దేరుతూ అతను కొత్త చొక్కా తొడుక్కుని "ఎట్లున్న?" అని అడిగాడు.

బాగున్నావనడానికి ఆమెకు నోరు రాలేదు. ఏమీ అనకపోతే ఏమనుకుంటాడోనని భయం.

"పా, అందరు మన కోసమే చూస్తున్నరు" అంది, అతని కళ్లలోకి చూడకుండా.