తాతగారి తెల్లచామంతి

మొన్న మార్గశిరంలో ఒకనాటి ఉదయం మా ఆవిడ తోటలోంచి డాలియా పువ్వొకటి కోసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ఇది ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. మంచు విడిచి ఎండ వరండా అంచు దాకా వచ్చే వేళకు నేను కాఫీ ముగించి పుస్తకం తెరుస్తాను. ఆమె ఆ పొద్దు విచ్చిన పువ్వుల్లో మేలైన దాన్ని తెచ్చి చూపించి, బాగుందని నేనన్నాకే గాజు సీసాలో నీళ్ళు పోసి అందులో పెడుతుంది. ఆ రోజు కూడా కాడను వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఈ ఏడు పసుపు బాగా పట్టిందన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "పసుపేటండీ? పాలలాగ తెల్లగుంటేను," అంది.

లోయ నిండా వలిసె పూలు విరబూసి ఎటు చూసినా పసుపే కనిపించే రోజుల్లో తెల్లని వస్తువు మీద కూడా ఆ ఛాయ పడుతుందని ఏదో శాస్త్రం చెప్పాను. ఆమె విన్నది గానీ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

నేను ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాను. గూడెం కొత్తవీధిలో కొన్నాళ్ళు, రాజవొమ్మంగిలో కొన్నాళ్ళు, చివరికి అరకులో. ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడే ఉండిపోవడానికి మా ఆవిడ చెప్పే కారణం, కింద మైదానంలో ఎండకు మాడిపోయే మొక్కలు ఈ చలిలో చెప్పినట్టు పూస్తాయని. సంతకు వచ్చే కొండ ఊరి మనిషి ఒకామెకు కరివేపాకు మొక్కలిచ్చి డాలియా దుంపలు తెచ్చుకున్న నాటి నుంచి మా ఆవిడకు అరకు విడిచి పోయే ఆలోచన లేదు. నా కారణం నేను పైకి చెప్పలేదు. కొండ దిగువన మా ఊళ్ళో మా పూర్వీకులు జమీందారీ నడిపిన కచేరీ గేటుకు ఇప్పుడు ఎవరిదో బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఆ వీధిలో నడిచి, నేను ఎవరి మనవడినో తెలిసినవాళ్ళ జాలి చూపులు పుచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఇంటి నుంచి నాకు దక్కినవి ఒక టేకు బీరువా, దాని నిండా పుస్తకాలు, తాతగారి ఫోటో ఒకటి. అవి చాలనుకున్నాను, నిజంగానే చాలాయి.

విశాఖపట్నంలో ఉన్న మా అమ్మాయి నెలకొక కొత్త పుస్తకం పంపుతుంది. ఆదివారం ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతుంది. ఏడాదిగా ఆ ఆదివారాలంటే నాకు లోలోపల బెరుకు పట్టుకుంది. అక్షరాలు మొదట మసకబారాయి, ఆ తరువాత ఒకదానిలోకి ఒకటి ఒరిగాయి. కొన్నాళ్ళు అచ్చు బాగాలేదనీ, కొన్నాళ్ళు కళ్ళజోడు పాతబడిందనీ అనుకున్నాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చదివేవాడికి ఎంతసేపు పడుతుందో అంత ఆగి పేజీ తిప్పేవాణ్ణి. అమ్మాయి అడిగితే, శైలి బాగుంది గానీ ముగింపులో రచయిత తొందరపడ్డాడు అనేవాణ్ణి. ఏ పుస్తకానికైనా పనికొచ్చే మాట అది. ఒకసారి నేనలా అన్న పుస్తకం రాసింది స్త్రీ అట. అమ్మాయి మాట మార్చి చలి ఎలా ఉందని అడిగింది.

కళ్ళు కనిపించడం లేదని ఇంట్లో వాళ్ళతో చెప్పడానికి ఏం పోయిందని మీరు అడగవచ్చు. దానికి జవాబు కావాలంటే మా తాతగారి దగ్గరికి వెళ్ళాలి.

నాకు ఊహ తెలిసేనాటికే మా ఇంటి పెత్తనం పోయింది. ముందు వసారాలు కూలి, వెనక భాగంలో నాలుగు గదులు, పెద్ద హాలు ఒకటి మిగిలాయి. ఆ హాల్లో బీరువాల మధ్య పడక కుర్చీలో తాతగారు నిటారుగా కూర్చునేవారు. పడక కుర్చీలో నిటారుగా కూర్చోవడం ఎంత కష్టమో నేను పెద్దయ్యాక గానీ తెలుసుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనకు ఎవరో ఒకరు పుస్తకం చదివి వినిపించాలి. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త రోజూ చదివేది. సెలవు రోజుల్లో నా వంతు. ఎక్కడ తడబడతావో చూస్తాను చదవమనేవారు తాతగారు. ఒత్తు పలకకపోతే వేలెత్తేవారు. ఆ వేలికి నేను ఎంత భయపడ్డానో, ఆ తరువాత ముప్పై ఏళ్ళపాటు నా వేలికి ఏజెన్సీ పిల్లలు అంత భయపడ్డారు. అది మా వంశపు విద్య అనుకున్నాను.

పువ్వుల విషయంలోనూ ఆయనది ఒక పద్ధతి. పూజ పళ్ళెం ముందుకు తేగానే కళ్ళు మూసుకుని ఒక్కొక్క పువ్వే వాసన చూసి, సంపెంగ, పారిజాతం, మరువం అని వరసగా పేర్లు చెప్పేవారు. రసికత అంటే అదేనని ఇంటికి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. ఒక కార్తీక మాసంలో మా మేనత్త చామంతులు తెచ్చింది. ఆయన ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, ఈసారి తెల్లచామంతి బాగా వచ్చిందే అన్నారు. పళ్ళెంలో ఉన్నవి ముద్ద పసుపు. నేను నోరు తెరవబోయాను. మా మేనత్త నా పాదం మీద తన పాదం వేసి గట్టిగా నొక్కి, "అవును నాన్నగారూ, తెల్లవే," అంది. ఆనాటి నుంచి తాతగారి ఎదుట ఇంటిల్లిపాదీ ఆ మొక్కను తెల్లచామంతి అనే అన్నారు, పువ్వులు కోసే మనిషితో సహా.

నాకు ఎనిమిదేళ్ళు. ఊళ్ళు పోయినా, భూములు పోయినా, ఆయన తెల్లదంటే పసుపు పువ్వు కూడా తెల్లదైపోయే ఇంట్లో పుట్టానని నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ కథ నేను ప్రతి బడిలోనూ ఉపాధ్యాయుల గదిలో చెప్పాను. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకూ చెప్పాను. వాళ్ళది విజయనగరం వైపు సేద్యం చేసుకునే కుటుంబం. మా ఇంటి మర్యాదలు ఆమెకు తెలియాలన్నది నా ఉద్దేశం. అంతా విని ఆమె జాలిగా, "అయ్యో, ఆయనకి కళ్ళు కనపడవేటి?" అంది. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

డాలియా తెల్లనిదని ఆమె అన్న రోజు ఆ శాస్త్రమేదో చెప్పి తప్పించుకున్నాను. పుస్తకం తెరిచి పట్టుకుని కూర్చున్నాను. ఆమె మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉంది. ఆకుల మీద నీళ్ళు పడే చప్పుడు వింటూ ఉంటే మా మేనత్త పాదం నా పాదం మీద మళ్ళీ పడినట్టయింది. తాతగారు నడిచేటప్పుడు ఎప్పుడూ కుడిచేత్తో స్తంభాలను ముట్టుకుంటూ ఎందుకు నడిచేవారో, విస్తరిలో ఏది ఎక్కడ వడ్డిస్తున్నదో మేనత్త ఎందుకు పైకి చెబుతూ వడ్డించేదో, ఆయన పుస్తకం చేతిలోకి తీసుకోగా నేను ఒక్కసారీ ఎందుకు చూడలేదో, ఇన్నేళ్ళకు ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చింది నాకు బోధపడడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

మర్నాడు పొద్దున ఆమె పువ్వు తేలేదు. నాకు ఇబ్బందిగా ఉంటుందని కాబోలు. అందుకే నేనే పిలిచి, కళ్ళు కనిపించడం లేదు, ఏడాదైంది, ఈ పుస్తకం కాస్త చదివిపెట్టు అన్నాను. మూడు ముక్కలు. అంతకు ముందు ఎవరినీ సాయం అడిగిన అలవాటు లేక కాస్త కటువుగానే వచ్చినట్టున్నాయి. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. అప్పుడే అన్నాను కదా అనలేదు. "నాను సదువుతాను గానీ, తప్పులు పట్టకూడదు. బడి కాదిది," అంది.

పట్టనన్నాను. రెండో పేజీలో పట్టాను. ఆమె పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి, గులాబీలకు పాదులు చెయ్యడానికి వెళ్ళిపోయింది. అరగంట నేను కొండ మీద మంచు కదలడం చూస్తూ, అంటే చూస్తున్నాననుకుంటూ, కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చి, "ఎక్కడున్నాం?" అంది. ఆ తరువాత నేనెప్పుడూ వేలెత్తలేదు. పువ్వులు కట్టే మనిషి చదువుతుంటే వాక్యాలు ఒక తీరుగా వస్తాయి. కాస్త వదులుగా, తెగకుండా. సగం కథలో ఆగి పాత్రలను తిట్టేది. మా ఇంట్లో పుస్తకాన్ని అలా ఎవరూ చదవలేదు.

కంట్లో ఉన్నది శుక్లమేనని తేలింది. అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, ఆపరేషన్ కోసం మమ్మల్ని విశాఖపట్నం వెంటబెట్టుకుని వెళ్ళింది. బొర్రా దాటాక సొరంగాల్లోకి రైలు దూరినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే, నాకు లోపలా బయటా తేడా పెద్దగా తెలియలేదు. తిరుగు ప్రయాణంలో తెలిసింది. వారాలు గడిచి, కట్టు విప్పి, చెప్పిన జాగ్రత్తలన్నీ తీరాక, ఇంట్లో మొట్టమొదట నేను తేరిపార చూసింది గోడ మీది తాతగారి ఫోటోను.

అందులో ఇంటివాళ్ళందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయన ఒక్కరే పక్కకు చూస్తుంటారు. యంత్రం ముందు తల ఒగ్గే మనిషి కాదని ఇంటికి వచ్చినవాళ్ళకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు దగ్గరగా చూస్తే, కుర్చీ పక్కన నిలబడ్డ మేనత్త చీర కొంగు చివర ఆయన ఎడమ గుప్పిట్లో ఉంది. ఆయన ముఖం ఆమె గొంతు వచ్చే వైపు తిరిగి ఉంది.

ఆ కాలంలో కూడా పట్నంలో కంటి వైద్యులున్నారు. బస్సులో పూట ప్రయాణం. ఇప్పుడు పత్రం మీద సంతకం పెట్టి మధ్యాహ్నానికి బయటికి వచ్చే పని, అప్పుడు మరికొంత కష్టమయ్యేదేమో గానీ, అయ్యేదే. ఎదురుగా నిల్చుని, అవి పసుపు పువ్వులు నాన్నగారూ అని చెప్పే మనిషి మాత్రం ఆ హాల్లో ఒక్కరూ లేకపోయారు. మేనత్త అలా చెప్పి ఉంటే ఆయన మరో పదేళ్ళు పుస్తకాలు తనే చదువుకునేవారు. చెప్పి ఉంటే బహుశా ఆ పూట ఆమెకు అన్నం పెట్టేవారు కాదు. వాళ్ళిద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేను. ఆ ఇల్లు అలాగే కట్టారు.

నాకిప్పుడు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా పొద్దుటి పుస్తకం మా ఆవిడే చదువుతోంది. సగంలో మానడానికి ఆమె ఒప్పుకోలేదు. నిన్న ఆమె కోసుకొచ్చిన వాటిలోంచి ఒక చామంతి తీసుకుని తాతగారి ఫోటో చట్రం మీద పెడుతూ, ఇది పసుపు చామంతి అని కాస్త గట్టిగానే చెప్పాను. ఎవరితోనండీ మాటలని ఆమె వరండాలోంచి అడిగింది. తాతగారితో అన్నాను. "సెప్పడం అయిపోతే బేగి రండి," అంది, "కథ మంచి పట్టులో ఆగిపోయింది."