బిందె పెట్టిన జాగా

నా పేరు కొట్టేసిన ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. మా గుడి వాకిలి పక్కన నోటీసు బోర్డు మీద, ఆదివారం పూజలో బైబిలు పఠనాలు చదివేవాళ్ళ జాబితా అది. ఏడు పేర్లలో నాలుగోది నాది. దాని మీద నీలం సిరాతో ఒక గీత, పక్కన వేరే పేరు. నాతో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. గీత మాత్రం స్కేలు పెట్టి శ్రద్ధగా గీశారు.

కారణం నాకు తెలుసు. అంతకు ముందు ఆదివారం నేను ఆలస్యంగా వెళ్ళాను. మా వీధి మొత్తానికి ఒకటే కొళాయి. నీళ్ళు బుధవారం, ఆదివారం మాత్రమే వస్తాయి. ఆదివారం ఏడున్నరకు వదులుతారు, పూజ ఎనిమిదికి మొదలవుతుంది. మా ఆయన తాడిపత్రిలో బండల పాలీషు పని చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరడు. మా అత్త మంచం దిగలేని మనిషి. బిందె ఎత్తే మనిషిని నేనొక్కదాన్నే. మిగతా ఆదివారాలు ఎలాగో పూజ అందుకునేదాన్ని, ఆ రోజు లైను పొడుగైంది. డ్రమ్ము నింపి, తడిసిన కుచ్చిళ్ళతోనే పరుగెత్తి వెళ్ళేసరికి నేను చదవాల్సిన పఠనాన్ని టీచరమ్మ చదువుతోంది. పాటల బృందాన్ని నడిపేది ఆమే, జాబితా రాసేదీ ఆమే. పూజ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"దేవునికంటే నీళ్ళు ఎక్కువైనాయా అక్కా నీకు?"

నవ్వుతూనే అన్నది. ఆ మాటను నేను ఐదేళ్ళు మోశాను. ఐదేళ్ళూ చివరి వరుసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చున్నాను. ఎవరు ఏ పదం దగ్గర తడబడ్డారో నాకు గుర్తుంది. మా అత్తకు జ్వరమొచ్చినప్పుడు ఎవరు చూడడానికి రాలేదో కూడా గుర్తుంది. గుడి మాత్రం మానలేదు. మానేస్తే వాళ్ళ పని సుళువైపోతుంది.

చదవడం నాకెంత ఇష్టమో ఇక్కడ చెప్పాలి. నేను పదో తరగతి దాటలేదు. ఇంట్లోగానీ, వీధిలోగానీ నా మాట చివరిదాకా విన్నవాళ్ళు లేరు. పఠనాలు చదివే పీఠం ముందు నిలబడిన నాలుగు నిమిషాలు మాత్రం గుడంతా వినేది. వాళ్ళు కొట్టేసింది ఆ నాలుగు నిమిషాలను.

నిరుడు, ఈస్టరు ముందరి తపస్సు కాలం మొదలవకముందే, మా విచారణలోని, అంటే మా గుడికి చెందిన విశ్వాసులందరూ ఒకరోజు కూర్చుని మాట్లాడుకోవాలని పిలుపు వచ్చింది. గుడిని ఎలా బాగు చేసుకోవాలి, సువార్తను పదిమందికి ఎలా చేర్చాలి, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి. ఫాదర్ తాను వినడానికే వచ్చానని చెప్పి, నేరుగా వెనక్కి వచ్చి నా వరుసలోనే కూర్చున్నారు. ఊళ్ళు తిరిగి జపాలు నేర్పే మా ఉపదేశి, పెద్దాయన, మైకు పట్టుకుని సభ నడిపాడు.

పూజను ఫోనుల్లో లైవు ఇవ్వాలన్నారు ఒకరు. ఉరవకొండ రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టాలన్నారు ఇంకొకరు. పిల్లలకు క్విజ్ పెట్టి స్టీలు డబ్బాలు బహుమతిగా ఇవ్వాలని ఒకామె చెప్పింది. టీచరమ్మ ఇంటింటికీ కరపత్రాలు పంచుదామన్నది. తర్వాత, ఆదివారం బెంచీలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయన్న మాట వచ్చింది. టీవీలన్నారు, ఫోనులన్నారు, భక్తి తగ్గిందన్నారు. మా కొళాయి వీధి వాళ్ళలో సగం మంది రారని, వచ్చినా ఆలస్యంగా వస్తారని టీచరమ్మ అన్నది.

నేను లేచి నిలబడ్డాను. ఐదేళ్ళుగా కూడబెట్టుకున్నదంతా వరసగా చెప్పడం మొదలుపెట్టాను. నీలం సిరా, స్కేలు, మెట్ల దగ్గరి మాట. ముందు వరుసలోంచి ఒకాయన పక్కవాడితో అన్నది నాకు స్పష్టంగా వినబడింది: "ఆయమ్మకు మైకు ఇచ్చినారు కదప్పా, ఇంక మనకు మధ్యాన్నం అన్నం లేదు." కొందరు నవ్వారు. పాతవి వద్దు, ఏదైనా ఆలోచన ఉంటే చెప్పమని ఉపదేశి బతిమాలాడు. చెప్పనివ్వమని నా పక్కనుంచి ఫాదర్ అన్నారు.

అప్పుడు నేను దాచుకున్నవన్నీ వదిలేసి, అనుకోని మాట ఒకటి చెప్పాను.

"మా కొళాయి కాడ బిందె పెడితే ఆ జాగా నాది. నేను ఇంటికి పోయి మా అత్తకు గంజి తాపి వచ్చినా దాన్ని ఎవురూ తీయరు. లైను కదిలితే వెనకామె నా బిందెను ముందుకు జరుపుతాది. ముందురోజు నాతో కొట్లాడినామె కూడా జరుపుతాది. ఈడ ఒక్క ఆదివారం లేటైతే నా జాగా పోయె. కరపత్రాలు పంచి కొత్తోళ్ళను పిలుస్తారు, సరే. వచ్చినోళ్ళ జాగా ఎవురు చూస్తారు?"

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"మీకు నీళ్ళు ఆదివారమా అక్కా? మాకు గురువారం కదా."

మా ఊళ్ళో ఒక్కో వీధికి నీళ్ళు ఒక్కో రోజు. ఎవరి రోజు వాళ్ళకు తెలుసు, పక్కవీధిది తెలియదు. పైగా ఆమె ఇంటి మిద్దె మీద ట్యాంకు ఉంది. నేను ఎప్పుడైనా పట్టుకోగల నీళ్ళను సాకుగా చెబుతున్నానని ఐదేళ్ళు అనుకున్నదట. ఆమె అడగలేదు. అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అందరికీ అన్నం ఆలస్యమైంది. ఏ వీధికి ఏ రోజు నీళ్ళో ఉపదేశి ఒక కాగితం మీద రాసుకున్నాడు. గురువారం నీళ్ళ వీధుల నుంచి ప్రతి ఆదివారం ఇద్దరు వచ్చి మా కొళాయి దగ్గర మా బిందెలు పట్టాలని, తర్వాత ఫాదర్ జీపులో పక్క ఊరికి వెళ్ళి పదకొండు గంటల పూజలో పాల్గొనాలని తేల్చారు. జీపులో ఇద్దరికే చోటు.

మొదటి ఆదివారం, ఆ ఇద్దరిలో ఒకరుగా, ఏడింటికే టీచరమ్మ మా వాకిట్లో నిలబడింది, కొంగు బిగించి. రమ్మని నేను అనలేదు. బిందెలు చూపించాను. అత్తకు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో అడిగింది, చెప్పాను.

గుడికి వెళ్ళేసరికి నోటీసు బోర్డు మీద కొత్త జాబితా ఉంది. నా పేరు అదే నీలం సిరాతో, అదే చేతిరాతతో, మొదట ఉంది. ఆనాటి పఠనం ఎడారిలో నీళ్ళు లేక సణిగిన జనం గురించి. ముందు వరుసలో ఆ అన్నం మనిషి దగ్గాడు. నేను ఆగలేదు. వాళ్ళు అంత సణిగినా చివరికి బండలోంచి నీళ్ళు వచ్చిన చోటిదాకా చదివాను. గుడంతా విన్నది. చివరిదాకా విన్నది.

ఇంటికి వచ్చేసరికి ఆరు బిందెలూ నిండి ఉన్నాయి, డ్రమ్ము నిండి ఉంది. పక్కింటి ముసలమ్మ బిందెలు కూడా నిండి ఉన్నాయి. ఆమె ఆంజనేయస్వామి గుడికి వెళ్ళే మనిషి.

"ఎవురే ఆ టీచరమ్మ? మీ గుడోళ్ళంతా ఇట్లనే ఉంటారా?" అని అడిగింది.

"అందరూ కాదు," అన్నాను. అబద్ధం చెప్పలేను కదా.

వచ్చే వారం కూడా ఆమెనే పంపమంది ముసలమ్మ.

అప్పుడు చూశాను, డ్రమ్ము మూత అంచు దగ్గర పగిలి ఉంది. తన చేతిలోంచి జారి పగిలిందని, కొత్తది తెస్తానని టీచరమ్మ మర్నాడే చెప్పింది. ఇంతవరకూ తేలేదు. అది నేను మరిచిపోలేదు. కానీ నీళ్ళు ముంచేటప్పుడు ఆ పగులు చేతికి తగిలిన ప్రతిసారీ ఆమె కోసం 'పరలోకమందున్న మా తండ్రీ' అనే పరలోక జపం ఒకటి చెప్పుకుంటాను. అందుకే కొత్త మూత గురించి గుర్తు చేయడం లేదు.